సిఫార్సు సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం:

అన్నా, నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ విన్నావా? అర్ధగంట కూడా ఉండదు. రాత్రి లైట్ తీసేసి హెడ్‌ఫోన్స్‌లో విను. షఫుల్ పెట్టకు. నచ్చకపోతే ఏం పర్లేదు.

అవతారిక:

ఒక సంగీతప్రియుడు తాను విని ఊరుకోలేకపోయిన ఆల్బమ్‌ను ఇంకొకరి చెవిన వేయగోరి, రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో విడిగా పంపిన సందేశమిది. కర్త ఎవరో తెలియదు. గిటారూ గొంతూ తప్ప మరే హంగూ లేని పాటల మీద మోజు పడ్డవారు ప్రతి ఆఫీసులోనూ ప్రతి హాస్టల్లోనూ ఒకరైనా ఉంటారు గనుక కర్తృత్వ చర్చ అనవసరం. పాఠాంతరాలు ఉన్నాయి. ‘అన్నా’కు బదులు కొన్ని ప్రతుల్లో ‘మామా’ అనీ, కొన్నిటిలో ‘బ్రో’ అనీ కనిపిస్తుంది. ‘రాత్రి’ అన్నచోట ‘వాన పడేటప్పుడు’ అనే పాఠం ఒకటుంది గానీ, అది తరువాతివారెవరో ఇరికించినది. వాన చప్పుడులో ఈ ఆల్బమ్ సగం వినపడదు.

సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని నియమం పెట్టుకున్నవాడు. ప్రస్తుత వ్యాఖ్య ఆ నియమాన్ని పాటించలేదు. ఇలాంటి సందేశాల్లో అసలు సంగతంతా మూలంలో లేనిదే.

ప్రతిపదార్థం:

అన్నా = ఓ అన్నా! ఇది వయసుతో నిమిత్తం లేని సంబోధన. అడగబోయేది పెద్దదైనప్పుడు ఈ పిలుపు ముందుకొస్తుందని లోకానుభవం. ఇక్కడ అడుగుతున్నది అప్పు కాదు, అర్ధగంట. ఈ రోజుల్లో అప్పే కాస్త సులువుగా పుడుతుంది.

నిక్ డ్రేక్ = ఆ పేరుగల ఆంగ్ల ఫోక్ గాయకుడు. 1948లో రంగూన్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో పెరిగి, కేంబ్రిడ్జి చదువు మధ్యలో మానేసి, మూడు ఆల్బమ్‌లు చేసి, 1974 నవంబరులో 26వ ఏట పోయినవాడు. కచేరీలంటే బెదురు. ఇంటర్వ్యూల జోలికి దాదాపు పోలేదు. బతికుండగా ఆయన ఆల్బమ్‌లలో ఏదీ 5,000 ప్రతులైనా అమ్ముడుపోలేదంటారు.

‘పింక్ మూన్’ = ఆ మూడింటిలో చివరిది. 1972లో వెలువడింది. ముందటి రెండింటిలో వయొలిన్ల బృందాలూ, డ్రమ్స్ వగైరా సరంజామా ఉంది. ఇందులో అదంతా పోయింది. 1971 అక్టోబరులో లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రుల్లో, ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కడే తోడుగా, గాయకుడు గిటారు పట్టుకుని పాడి వెళ్లిపోయాడు. మొత్తం 11 పాటలు. తొలి పాటలో మాత్రం నడుమ కొద్దిసేపు పియానో మోగుతుంది. తరువాత ఆల్బమ్ ముగిసేదాకా అది తిరిగి వినిపించదు. ఈ పియానో సంగతి గుర్తుంచుకోదగినది.

విన్నావా = వినియుంటివా? చూడటానికిది ప్రశ్న. నిజానికి వినలేదనే జవాబు కోసం చేసే ప్రార్థన. ‘ఆఁ, ఎప్పుడో విన్నాను’ అని వచ్చిందా, రసభంగం. ఆపై చెప్పడానికి ఏమీ మిగలదు.

అర్ధగంట కూడా ఉండదు = నిడివి స్వల్పమని చెప్పడం. ఇది అక్షరసత్యం. ఆల్బమ్ సుమారు 28 నిమిషాలు. వినేవాడికి ఖర్చు తక్కువని ముందే చెప్పి ఒప్పించే పద్ధతి ఇది. డెబ్బై నిమిషాల ఆల్బమ్‌ను సిఫార్సు చేసేవారు నిడివి ఊసే ఎత్తరు.

రాత్రి లైట్ తీసేసి హెడ్‌ఫోన్స్‌లో = ఇది భావుకత కోసం చెప్పిన మాట కాదు, అవసరం. ఈ తరహా సంగీతంలో గొప్ప చప్పుళ్లు ఉండవు. మామూలు శ్రుతికి భిన్నంగా సడలించిన గిటారు తీగలు, తీగ మీద వేలు జారినప్పటి గీర, చరణానికి ముందు తీసుకున్న ఊపిరి: వినవలసినవి ఇవే. ఫ్యాను అయిదులో తిరుగుతుంటే ఊపిరి వినపడదు. పక్క ఫ్లాట్‌లో మిక్సీ వేస్తే గిటారూ వినపడదు. ఫోను స్పీకరుకు కింది స్థాయి తీగల ధ్వని అందదు గనుక హెడ్‌ఫోన్స్ విధి. పెళ్లి బారాత్‌లున్న రాత్రి ఈ విధి నుంచి మినహాయింపు.

షఫుల్ పెట్టకు = పాటల వరస చెదరగొట్టవద్దు. ఇది నిషేధ వాక్యం. ఆల్బమ్ చేసినవాడు ఏది ముందో ఏది వెనకో నిర్ణయించి పెడతాడు. 2021లో అడెల్ కోరగా స్పాటిఫై తన ఆల్బమ్ పేజీల్లో షఫుల్ బటన్‌ను ముందు వరస నుంచి తప్పించడం ఇందుకు లౌకిక ప్రమాణం.

నచ్చకపోతే ఏం పర్లేదు = సందేశంలో అత్యంత కఠినమైన వాక్యం. వాచ్యార్థం: నీకు రుచించకున్నా నాకు బాధ లేదు. ఆ అర్థం ఇక్కడ పొసగదు. బాధ లేనివాడు రాత్రి పదకొండు దాటాక మేలుకుని ఇంత కుదురుగా రాయడు. కాబట్టి విపరీత లక్షణ చేత ‘నచ్చకపోతే చాలా పర్లా ఉంది’ అనే అర్థాన్నే గ్రహించాలి. ఆల్బమ్‌తో పాటు చెప్పినవాడు తన అభిరుచిని కూడా ఎదుటివాడి ముందు పెట్టాడు. దాన్ని పక్కకు నెడితే ఆ దెబ్బ నిక్ డ్రేక్‌కు తగలదు. ఆయన ఎన్నడో దాటిపోయాడు. తగిలేది పంపినవాడికే. అందుకే పడబోయే దెబ్బకు ముందుగానే కట్టుకున్న కట్టు ఈ వాక్యం.

ఛందస్సు: లేదు.

విశేషాంశాలు:

మూలంలో ‘ఫోక్’ అనే మాట ఎక్కడా లేకపోవడం గమనించదగినది. ఇది మరుపు కాదు, ముందుచూపు. హైదరాబాదులో ఎవరికైనా ‘మంచి ఫోక్ ఆల్బమ్’ అని చెబితే, డప్పు దరువుతో డీజే మిక్స్ చేసిన యూట్యూబ్ పాట లింకు తిరుగు టపాలో వస్తుంది. ఆ పాట తన చోట తాను గొప్పదే. లైట్ తీసేసి వినేది మాత్రం కాదు.

ఈ సంగీతానికి సిఫార్సు ఎందుకింత ముఖ్యమో చరిత్రలో ఉంది. 1952లో హారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న పాత 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి 84 పాటలు ఏరి, ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’గా విడుదల చేయించాడు. అన్నీ 1920ల చివర, 1930ల మొదట వచ్చి మరుగునపడ్డవే. అంటే ఒక మనిషి ‘ఇవి వినండి’ అన్నాడు, అంతే. బాబ్ డిలన్ తరం గాయకులు ఆ పాటలు విని నేర్చుకున్నారు.

సిబిల్ బేయర్ కథ ఇంకా దగ్గరిది. 1970ల మొదట్లో జర్మనీలో ఆమె ఇంట్లోనే టేపు మీద పాటలు పాడుకుంది. వాటిని ఎవరూ అచ్చు వేయలేదు. సుమారు ముప్ఫై ఏళ్ల తరువాత ఆమె కొడుకు ఆ పాటలను సీడీలుగా చేసి ఇంటివాళ్లకు పంచిపెట్టాడు. ఒక ప్రతి డైనోసార్ జూనియర్ బృందానికి చెందిన జె. మాస్కిస్ చేతికి వెళ్లింది. ఆయన దాన్ని ఆరెంజ్ ట్విన్ అనే చిన్న లేబుల్‌కు చేరవేశాడు. 2006లో అది ‘కలర్ గ్రీన్’ పేరుతో బయటికొచ్చింది. ఈ గొలుసులో వ్యాపార ప్రకటన ఎక్కడా లేదు. ఒకరు ఇచ్చారు, ఒకరు విన్నారు, విన్నవారు ఊరుకోలేకపోయారు. వాష్టి బన్యన్ అనే గాయని 1970 నాటి ఆల్బమ్ కూడా ఇలాగే ఏళ్ల తరబడి నోటిమాట మీద బతికి 2000లో పునర్ముద్రణ పొందింది. ఆ ఆదరణ చూసి ఆమె 2005లో రెండో ఆల్బమ్ చేసింది.

ఇందుకు ఒక అపవాదం ఉంది. పాతికేళ్ల కిందట అమెరికాలో ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో ‘పింక్ మూన్’ పాట వినిపించాక ఆల్బమ్ అమ్మకాలు ఒక్కసారిగా ఎగబాకాయి. అభిమానులు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు. కారు ప్రకటనలో విని నేర్చుకున్నానని ఒప్పుకునేవాడు అరుదు.

తాత్పర్యం:

అన్నా, నాకొకటి దొరికింది. దాన్ని ఒంటరిగా మోయలేను. అర్ధగంట నా చెవులతో విను అని భావం.

పూర్వపక్షం: ఈ పని యాప్‌లే చేస్తున్నాయి కదా, విన్నదాన్ని బట్టి వినదగినదాన్ని అవే చూపిస్తున్నాయి కదా, మనిషి ఎందుకు? సమాధానం: యాప్ చూపినది నచ్చకపోతే యాప్‌కు ఏ లోటూ లేదు. అది జవాబు కోసం ఎదురుచూడదు, మరునాడు మొహం చాటేయదు. మూలంలోని చివరి వాక్యం రాయవలసిన అగత్యం దానికి లేదు. ఆ అగత్యం ఉన్నచోటే సిఫార్సు ఉంది. ఈ న్యాయం ప్రకారం ‘చచ్చేలోపు వినాల్సిన యాభై ఆల్బమ్‌లు’ అంటూ పంపే పట్టీ కూడా సిఫార్సు కాదు. యాభైలో ఏది నచ్చకపోయినా పంపినవాడికి నొప్పి తెలియదు.

ప్రత్యుత్తర విచారం:

జవాబులు మూడు విధాలు. బొటనవేలి బొమ్మ అధమం. వినలేదని దాని అర్థం. ‘సూపర్ ఉంది’ అన్నది మధ్యమం. తొలి పాటలో నలభై సెకన్లు విని ఉంటాడు. ‘మొదటి పాటలో పియానో వచ్చింది, మళ్లీ రాలేదేం?’ అన్నది ఉత్తమం. చివరిదాకా, వరసగా, చీకట్లో విన్నవాడే ఆ ప్రశ్న అడగగలడు. నచ్చిందని విడిగా చెప్పనక్కర్లేదు. నచ్చలేదన్నా ఫరవాలేదు, ఈసారి నిజంగానే. ఉత్తమ శ్రోత అంతటితో ఆగక బదులుగా ఒకటి పంపుతాడు. వింజమూరి సోదరీమణులు పాడిన జానపదాల వంటిది ఏదైనా తగును.

మూడు రోజులైనా జవాబు రాకపోతే ‘విన్నావా?’ అని మళ్లీ అడగడం దోషం. మొదటిది వినని వాడికి రెండోది పంపడం అంతకంటే పెద్ద దోషం.