ఎనభై శాతం అల్లుడు

"ఛార్జింగ్‌లో ఉన్నామండీ" అన్నాను.

"ఛార్జింగులో పెట్టి ఫోను మాట్లాడకూడదంట అల్లుడుగారూ, పేలుద్దంట. తీసేసి మాట్లాడండి" అన్నారు మా మావయ్యగారు, తణుకు పక్క పల్లెటూరి నుంచి.

"ఫోను కాదండీ, కారు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫోను పక్కకి పెట్టి ఎవరితోనో అంటున్నారు: "కారు ఆగిపోయిందంట." ఆ వార్త వంటింట్లో మా అత్తగారి దగ్గరికి వెళ్ళేసరికి కారు చెడిపోయింది. వీధి చివరికి వెళ్ళేసరికి ఏకంగా లారీ గుద్దేసింది. పది నిమిషాల్లో మా ఆవిడ ఫోనుకి పరామర్శలు మొదలయ్యాయి. "అబ్బే, అందరం బాగానే ఉన్నాం పిన్నీ, కోదాడ దగ్గర కారుకి కరెంటు పెట్టాం" అని ఆవిడ చెబుతుంటే, ఆ పిన్నిగారికి ప్రమాదం కన్నా కరెంటు పెట్టడమే ఎక్కువ భయంగా వినిపించినట్టుంది.

ఇదంతా పన్ను మినహాయింపుతో మొదలైంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ టాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా తీసేసింది, 2026 డిసెంబరు 31 దాకా. తీసేశారు అన్న మాట చెవిన పడితే చాలు, అసలు కొనాల్సిన వస్తువేనా అని ఆలోచించే రకం కాదు నేను. కొనేశాను. ఆకుపచ్చ నంబరు ప్లేటు తగిలించుకుని కొన్నాళ్ళు ఎల్బీ నగర్‌కీ ఆఫీసుకీ మధ్య మహారాజులా తిరిగాను. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండి ఉండేది. గేదెకి కుడితి పెట్టి పడుకున్నంత హాయి. ఆ హాయిలోనే నోరు జారి, ఈసారి సంక్రాంతికి కార్లోనే వెళదామన్నాను.

మా కారు బ్యాటరీ 30 యూనిట్లది. నిండా పెడితే మూడొందల కిలోమీటర్లకి దగ్గర్లో నడుస్తుందని కాగితంలో ఉంది. అది పరీక్షశాలలో చక్రాల్ని రోలర్ల మీద తిప్పి తేల్చిన లెక్క. ఆ రోలర్ల మీద నలుగురు మనుషులు ఎక్కలేదు, డిక్కీలో మిక్సీ లేదు, అత్తగారికి కొన్న ఇత్తడి బిందె లేదు. నా కుడికాలి లెక్క ప్రకారం రెండొందలు. అత్తగారి ఊరు సుమారు నాలుగు వందలు. రెండు రెళ్ళు నాలుగు కదా, ఒక్కసారి ఆగితే చాలు అనుకున్నాను. లెక్కల్లో నేను చిన్నప్పటి నుంచీ ఇంతే.

తెల్లవారుజాము నాలుగింటికి బయల్దేరాం. భోగి ముందురోజు విజయవాడ రోడ్డు సంగతి తెలిసిందే కదా. పంతంగి టోల్‌గేటు దగ్గర సగం హైదరాబాదు కనిపించింది. ఆ రద్దీలో ఒక్క సుఖం మాత్రం నాదే. ఆగుతూ కదులుతూ బ్రేకు మీద జరుగుతుంటే డీజిల్ బండ్లు డబ్బు తగలేసుకుంటున్నాయి, నా బండి బ్రేకు వేసినప్పుడల్లా పిసరంత కరెంటు వెనక్కి లాక్కుంటోంది. ఆ గర్వం సూర్యాపేట దాకా నిలిచింది.

సూర్యాపేట చేరేసరికి 31 శాతం ఉంది. ముందుగానే చూసిపెట్టుకున్న కొత్త ఫాస్ట్ ఛార్జరు ఒక హోటలు ముందు నిలబడి ఉంది. ప్రారంభోత్సవం నాటి బంతిపూల దండ ఇంకా మెడలోనే ఉంది. తెర మీద మాత్రం 'ఆఫ్‌లైన్' అని ఉంది. హోటలు కుర్రాణ్ణి అడిగితే, "మొన్ననే ఓపెనింగ్ అయింది సార్, కరెక్షను ఇంకా రాలేదు" అన్నాడు. కరెక్షనో కనెక్షనో నేను రెట్టించలేదు. రెండూ రాలేదని అర్థమైంది.

తర్వాతి ఛార్జరు కోదాడ దగ్గర, 45 కిలోమీటర్లు. ఏసీ ఆపేశాం. అద్దాలు దించబోతే గాలి అడ్డం పడి కరెంటు ఎక్కువ తాగుతుందని మా అబ్బాయి యూట్యూబు జ్ఞానం వెలిగించాడు. జనవరిలో చెమటలు కక్కుతూ నలభై మీద నడిపాను. మా ఆవిడ పక్కన కూచుని ఆఖరి ఓవర్ల స్కోరులా చదువుతోంది. "వెళ్ళాల్సింది ఇరవై ఆరు, ఉన్నది ఇరవై ఎనిమిది." గడ్డిమోపులేసుకున్న ట్రాక్టరొకటి హారన్ కొట్టి మమ్మల్ని దాటి పోయింది. ట్రాలీలో పైన కూచున్నాయన మా వంక చూసి, జాలిగా చెయ్యూపాడు.

పెట్రోలు బంకులోకి మళ్ళేసరికి 9 శాతం. అవును, పెట్రోలు బంకే. 2023 మార్చిలో కేంద్రం మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకి 800 కోట్లు మంజూరు చేసి, బంకుల్లో 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లు పెట్టమంది. సవతికి గది కట్టే బాధ్యత మొదటి భార్యకి అప్పజెప్పడమంటే ఇదే. సవతి గది ఎక్కడుంటుందో కూడా ఊహించుకోవచ్చు. గాలి పట్టే మిషనుకి అవతల, మరుగుదొడ్ల ఇవతల.

అప్పటికే అక్కడ మూడు కార్లున్నాయి. ఒక కారుకి గన్ను పెట్టి ఉంది. రెండో గన్ను మీద గోనెసంచి కప్పి ఉంది. వెయిటింగు వాళ్ళలో ఒకాయన నన్ను చూడగానే, "మీకెంతుందండీ?" అన్నాడు. ఊరూ పేరూ అడగలేదు. తొమ్మిదన్నాను. "నాకు పద్నాలుగు, ఆయనకి ఇరవై రెండు. మీరే ముందు పెట్టుకోండి" అన్నాడు. దేశంలో ఎక్కడా చూడని సోషలిజం అక్కడ చూశాను. ఎవడి దగ్గర తక్కువుంటే వాడిదే పైచేయి. చిన్నప్పుడు కిరసనాయిలు క్యూలో డబ్బాలకి తాడు కట్టి వరసలో పెట్టి నీడకి పోయేవాళ్ళం. అక్కడ ఇంత ధర్మం లేదు, రోజూ తలలు పగిలేవి.

ధర్మానికి అడ్డం పడ్డవాడు గన్ను పెట్టుకున్నవాడే. ఆయన కారు 86 దగ్గరుంది. ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. ఫాస్ట్ ఛార్జరు ఫాస్టుగా ఉండేది 80 దాకానే. ఆ పైన బ్యాటరీ తనే కరెంటుని తగ్గించేసుకుంటుంది. అప్పుడూ అంతే జోరుగా తోస్తే సెల్లులో లిథియం లోపలికి ఇంకకుండా పైన పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. గోదావరి జిల్లా అల్లుడికి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. మొదటి వాయి అన్నం, పప్పు, నెయ్యి ఎటు పోతాయో తెలియదు. పులుసు దాకా జోరే. ఆ తర్వాత అత్తగారు గరిటె పట్టుకుని నిలబడితే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, ఒక్కొక్క బూరెకీ బతిమాలించుకుంటాం. 80 నుంచి 100 దాకా బ్యాటరీ పడే అవస్థ అదే. అందుకే దారి మధ్యలో 80 కాగానే గన్ను తీసేసి వెనకవాడికివ్వడం మర్యాద.

ఆయన్ని మర్యాదగానే అడిగాను. "ఎనభై దాటిందండీ, తీస్తారా?"

"నిండనీండి సార్. నిండుకుండతో బయల్దేరితే శకునం మంచిది" అన్నాడు.

శకునం మాట వచ్చాక వాదించడానికి ఏముంది? 86, 87 కావడం చూస్తూ బల్ల మీద కూచున్నాం. 91 దగ్గర ఆయన మనవడెవడో ఛార్జరు మీదున్న ఎర్ర బటన్ చూసి ముచ్చటపడి నొక్కాడు. అది అత్యవసరంగా ఆపే బటను. మొత్తం మిషను ఉసూరుమని ఆగిపోయింది. పెద్దమనిషి మనవణ్ణి నాలుగు తిట్టి, శకునం బాగాలేదని కారు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నా వంతు వచ్చింది. ఆ గన్ను కేబులు బావిమోకంత లావుంటుంది, మోకు కన్నా మొండిది. గన్ను గుచ్చాను. తెర మీద ఓ చక్రం తిరిగి, తిరిగి, 'ఫెయిల్' అంది. ఫోను తీశాను. ఈ కంపెనీ యాప్ నా దగ్గర లేదు. నా దగ్గరున్నవి వేరే ఏడు కంపెనీలవి. దింపుకుని, పేరు రాసి, ఓటీపీ కొట్టి, వాలెట్లో ఐదొందలు వేసి, మళ్ళీ గుచ్చాను. మళ్ళీ 'ఫెయిల్'. అప్పుడు వచ్చాడు బంకు వాచ్‌మన్. డెబ్భై ఏళ్ళుంటాయి, తలకి మఫ్లరు, నోట్లో వేపపుల్ల.

"ఎర్ర బటను కుడికి తిప్పి వదలాలి సారూ. నొక్కితే లోపలే ఉండిపోతది" అన్నాడు. తిప్పాడు. టక్కున పైకి లేచింది.

మళ్ళీ గుచ్చాను. చక్రం తిరుగుతోంది.

"గన్ను కింద చెయ్యి పెట్టి జర పైకి లేపి పట్టుకోండి. బరువుకి జారుతది, లోపల పుల్లలు అందవు."

సంటిబిడ్డ మెడ కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకున్నాను. లోపల టక్‌మని తాళం పడింది. మిషను లోపల ఫ్యాన్లు విమానంలా లేచాయి. తెర మీద 9 కాస్తా 10 అయింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో నేను చేసిన ఏ పనికీ ఆవిడ చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. ఇంజినీరింగు చదివిన ముగ్గురం వాచ్‌మన్ చుట్టూ నిలబడ్డాం. ఇదంతా ఎవరు నేర్పారు తాతా అంటే, "మీలాంటోళ్ళు రోజూ పది మంది తిప్పలు పడుతుంటే చూస్త గదా" అన్నాడు.

ఛార్జరు మీద 60 కిలోవాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. తెర మీద మాత్రం 26 దాటడం లేదు. మోసమేమో అని వాచ్‌మన్ని అడిగితే నా కారు వంక చూసి, "చెరువు నిండా నీళ్ళున్నా మీ చెంబు మూతెంతో అంతే సారూ" అన్నాడు. నిజమే, ఎంత మింగాలో చెప్పేది కారే. కొత్తగా వస్తున్న పెద్ద కార్లు ఇదే గన్నుకి రెట్టింపు వేగంతో తాగేస్తాయి. నాది పన్ను మినహాయింపు చూసి కొన్న చెంబు.

గంటసేపు ఏం చేస్తాం? పద్నాలుగు శాతం ఆయన కాకినాడ వెళ్తున్నాడు, ఇరవై రెండు శాతం ఆయన ఏలూరు. కాకినాడ ఆయన భార్య జంతికలు తీసింది, మా ఆవిడ సున్నుండలు తీసింది. ముప్పై శాతం అయ్యేసరికి ఎవరి ఇంటిపేరేమిటో తెలిసింది. యాభైకి దూరపు చుట్టరికం తేలింది. డెబ్భైకి వాళ్ళమ్మాయి జాతకం వాట్సాప్‌లో మా ఆవిడకి వచ్చేసింది, మా తమ్ముడి కొడుకు కోసం. ఇంకో పది శాతం ఉంటే తాంబూలాలు కూడా అయిపోయేవి గానీ, 80 కాగానే నేనే గన్ను తీసేశాను. ధర్మం కదా.

బిల్లు చూశాను. 21 యూనిట్లు, మా ఇంట్లో మూడు రోజుల వాడకం. యూనిట్ ఇరవైకి దగ్గర్లో పడింది, ఇంటి రేటుకి రెట్టింపు కన్నా ఎక్కువ. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఎలక్ట్రిక్ కారు కొంటే జీఎస్టీ 5 శాతం, దానికి మేత వేస్తే 18. మామూలు కరెంటుకి జీఎస్టీ లేదు, ఇది కరెంటు అమ్మడం కాదు, ఛార్జింగు సేవ అంటారు. గన్ను పట్టుకుని నిలబడింది నేను, ఉపాయం చెప్పింది వాచ్‌మన్. సేవ ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు. వాలెట్లో ఇంకా కొంచెం చిల్లర మిగిలింది, వెనక్కి తీసుకునే దారి కనిపించలేదు. ఇలా ఎనిమిది యాపుల్లో నా ఆస్తి చెల్లాచెదురుగా పడి ఉంది. వీలునామా రాయాల్సి వస్తే ఓటీపీలు వచ్చే ఫోను ఎవరికివ్వాలన్న దగ్గరే పిల్లలు కొట్టుకుంటారు.

విజయవాడలో మళ్ళీ ఓ గంట. అక్కడ గన్నులు రెండూ పనిచేశాయి కాబట్టి చెప్పుకోవడానికేమీ లేదు.

సాయంత్రం ఆరు దాటాక ఊళ్ళో అడుగుపెట్టాం. మా బావమరిది మాకన్నా మూడు గంటలు ఆలస్యంగా డీజిలు కార్లో బయల్దేరి, భోంచేసి, నిద్రపోయి లేచి, గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏం బావగారూ, దారిలో ఎన్ని ఊళ్ళు చూశారేంటి?" అన్నాడు. నేను ఊరుకుంటానా? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, మొగుడు కనిపెట్టిన కారు ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి వంద కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్ళిందనీ, దారిలో ఇంధనం అయిపోతే వీస్లోహ్ అనే ఊళ్ళో మందుల షాపులో కొనుక్కుందనీ, ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఆ మందుల షాపేననీ, మీ డీజిలు కార్ల తాతలు కూడా ఇలాగే దేవుళ్ళాడారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

బావమరిది మీద ఏ ప్రభావమూ కనబడలేదు. వెనకాల నిలబడ్డ మా అత్తగారు మాత్రం, "మొగుడికి చెప్పకుండా పుట్టింటికి కారేసుకొచ్చిందా? మంచి పని చేసింది" అంది. మా ఆవిడ కారు తాళం వంక చూసింది. ఆ కథ నేను మళ్ళీ ఎక్కడా చెప్పలేదు.

రాత్రి కారుకి ప్లగ్గు పెట్టాలి. మోటారు షెడ్డులో పదిహేను యాంపుల సాకెట్టు ఉంది. పెట్టగానే నా ఛార్జరు ఎర్రలైటు వెలిగించి మొరాయించింది. ఎర్తింగు లేదట. నలభై ఏళ్ళుగా ఆ సాకెట్టు మీద నడిచిన మోటారు ఏనాడూ ఎర్తింగు అడగలేదని మావయ్యగారు నొచ్చుకున్నారు. ఎలక్ట్రీషియను వచ్చి, షెడ్డు వెనక పాత ఎర్తు గుంట తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్ళు పోయించాడు. మట్టి ఎండిపోకూడదండోయ్, రోజూ ఒక బకెట్టు పొయ్యండి అని చెప్పి వెళ్ళాడు.

భోగినాడు పొద్దున్నే లేచి చూద్దును కదా, మావయ్యగారు తలస్నానం చేసి, తులసికోటకి చెంబుతో నీళ్ళు పోసి, షెడ్డు వెనక్కి వెళ్ళి ఎర్తు గుంటకి బకెట్టుతో పోస్తున్నారు. పోసి, కారు దగ్గరికొచ్చి, ఆకుపచ్చ లైటు వెలుగుతోందో లేదో వంగి చూసి, "తాగుతోందండి, ఆయ్" అన్నారు తృప్తిగా. మేమున్న నాలుగు రోజులూ ఆ పని ఎవరికీ వదల్లేదు. కారుకే 80 దగ్గర ఆపడం లేదు, ఇక విస్తరి దగ్గర నన్ను ఆపనిస్తారా?

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర ఆ కొత్త ఛార్జరు మళ్ళీ కనబడింది. బంతిపూల దండ వాడి నల్లబడిపోయింది, తెర మీద అదే మాట ఉంది. కాబట్టి వచ్చే సంక్రాంతికి ఈ దారిన ఎలక్ట్రిక్ కార్లో వెళ్ళేవాళ్ళు కోదాడ దాకా సరిపడా ఉంచుకోండి. ఛార్జరు దొరికితే, ఎనభై కాగానే దయచేసి గన్ను తీసేయండి. మీ వెనక తొమ్మిది శాతంతో ఉన్నది నేనే కావచ్చు.