ముందుచూపు మూర్తి: ఓర్లాండో పర్వం

విదేశాలకు విహారయాత్ర కట్టే తెలుగు గృహస్థులను స్థూలంగా రెండు తెగలుగా విభజించవచ్చు. మొదటి తెగవారు టూరు కంపెనీకి డబ్బు కట్టేసి, జెండా పట్టుకున్న గైడు వెంట నడిచి, దిగమన్నచోట దిగి, నవ్వమన్నచోట నవ్వి, బస్సులో పంచిన పులిహోర పొట్లం తిని క్షేమంగా ఇల్లు చేరతారు గనుక, వారిని గురించి పరిశోధకుడు చెప్పదగినది పెద్దగా ఉండదు. రెండో తెగవాడు మాత్రం ప్రయాణానికి ఏడాది ముందే కంప్యూటరులో స్ప్రెడ్‌షీటు, అనగా అడ్డంగా నిలువుగా గీతలు గల గళ్ల పట్టిక, ఒకటి తెరిచి, భార్యాపిల్లల ఆకలిదప్పులను, నిద్రామెలకువలను, చివరికి బాత్‌రూము వేళలను సైతం పది నిమిషాల గళ్లలో బిగించి, ఆ బిగింపునే విహారంగా భావించి ఆనందిస్తాడు. సౌలభ్యం కోసం ఇతణ్ణి ముందుచూపు మూర్తి అని వ్యవహరించవచ్చు. కూకట్‌పల్లి నుంచి నల్లగండ్ల దాకా విస్తరించిన అపార్టుమెంట్లలో ఈ జాతి విరివిగా కనిపిస్తుంది. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరు కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు అయివుండటం పరిపాటే గాని అనివార్యం కాదు, ఎందుకంటే బ్యాంకు అధికారుల్లోను, లెక్కల మాస్టర్లలోను కూడా మేలిరకపు మూర్తులు లేకపోలేదు. "మీరు టికెట్లు కొనుక్కుని వచ్చేయండి బావా, మిగతాదంతా మేం చూసుకుంటాం" అని డాలస్‌లో ఉన్న బావమరిది ఫోనులో అంటే మామూలు మనిషి సంతోషిస్తాడు. మూర్తి దాన్ని అవమానంగా తీసుకుంటాడు.

మూర్తి గమ్యం సాధారణంగా అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఓర్లాండో నగరం పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్. ఏదో ఒక కథనో లోకాన్నో పట్టుకుని, ఎక్కే రైడ్ల దగ్గర నుంచి తినుబండారాల దుకాణాల దాకా సమస్తానికీ ఆ వేషమే వేసి నిలబెట్టిన వినోదవనాన్ని థీమ్ పార్కు అంటారు. ఇక్కడ అటువంటివి నాలుగున్నాయి. 1971 అక్టోబరు 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలై, 1982లో ఎప్‌కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచే పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ ఒకదాని తర్వాత ఒకటి చేరాయి. ఆవరణ మొత్తం సుమారు 25 వేల ఎకరాలు. ఈ చరిత్రనంతా మూర్తి ఆదివారం భోజనాలయ్యాక టీవీకి లాప్‌టాప్ తగిలించి కుటుంబానికి బోధిస్తాడు. 1960ల నడుమ వాల్ట్ డిస్నీ తన పేరు బయటపడకుండా డొల్ల కంపెనీల చేత ఆ చిత్తడినేలలను కొనిపించాడనీ, ఎకరం సగటున 200 డాలర్ల లోపే పడిందనీ చెప్పినప్పుడు, అప్పటిదాకా సోఫాలో కునికిపాట్లు పడుతున్న మామగారు నిటారుగా కూర్చుంటారు. శంషాబాదుకు విమానాశ్రయం రాకముందు కాళ్ల దగ్గరకొచ్చిన రెండెకరాలు వద్దనుకున్న ఆ పెద్దమనిషికి ఈ సమావేశాలన్నిటిలో తలకెక్కిన ముక్క అదొక్కటే; నిజానికి ఆ ఇంట్లో డిస్నీ దార్శనికతను సూటిగా పట్టుకున్నది కూడా ఆయనొక్కరే.

పట్టికలో మూర్తి చేతికి లొంగని అడ్డువరుస వీసా. నానక్‌రామ్‌గూడ కాన్సులేటు కిటికీ వెనకనున్న అధికారి ఏమడుగుతాడో ఏ గడిలోను ఇమడదు గనుక, అక్కడ చిలుకూరు బాలాజీకి ముందు 11, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు అని మాత్రం రాసి, ఒక్కొక్క ప్రదక్షిణకు పట్టే సమయాన్ని ఎదురుగా వేసుకుంటాడు.

ఇతని మేధస్సు పూర్తిగా విచ్చుకునేది క్యూల విషయంలో. జనం బారులు తీరడం గణితానికి అందే విషయమని తొలుత చూపినవాడు కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త. టెలిఫోను కాల్స్ రద్దీపై ఆయన 1909లో రాసిన పత్రంతో మొదలైన ఈ శాస్త్రంలో, 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఒక సులువైన సూత్రాన్ని నిరూపించాడు. క్యూలో సగటున నిలబడివుండే జనం సంఖ్య, గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు నిరీక్షించే కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానమని ఆ సూత్రం చెబుతుంది. కాబట్టి గంటకు 1,500 మందిని ఎక్కించుకునే రైడ్ ముందు నిలకడగా వెయ్యిమంది ఉంటే, వెనక చేరినవాడు 40 నిమిషాలు ఆగాలి. ఈ సూత్రం తెలిసిన నాటి నుంచి మూర్తి ఏ బోర్డునూ నమ్మడు. బయట 70 నిమిషాలని వేసివున్నా, ముందున్న వంపులో ఎర్రటోపీ పెట్టుకున్న ఒక అమాయకుణ్ణి గుర్తుగా ఎంచుకుని, అతడు స్తంభం దాటేదాకా గడియారం చూసి, మధ్యలో ఉన్న తలలను పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, ఎర్రటోపీవాడు టోపీ తీసి సంచీలో పెట్టుకోవడంతో మళ్లీ మొదటికొచ్చి, చివరకు 68 అని తేలుస్తాడు. ఆ రెండు నిమిషాల వార్తను చెవిలో వేసినప్పుడు భార్య నీళ్ల సీసా మూత బిగిస్తూ "ఊఁ" అంటుంది.

క్యూను తప్పించుకునే మార్గాన్ని పార్కువారే అమ్ముతారు. 1999లో ఫాస్ట్‌పాస్ అనే పేరుతో ఉచితంగా మొదలైన ఈ సదుపాయం 2021లో జీనీ ప్లస్ అయి డబ్బుకు తిరిగి, 2024 జులైలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అని మరోసారి పేరు మార్చుకుంది. దీనిని కొన్నవారికి ఒక్కొక్క రైడ్‌కు గంటపాటు చెల్లే ప్రవేశవేళ, వాడుకలో స్లాటు, దొరుకుతుంది. డిస్నీ హోటళ్లలో దిగినవారు ఏడు రోజుల ముందు, తక్కినవారు మూడు రోజుల ముందు, ఓర్లాండో కాలమానం ప్రకారం ఉదయం ఏడు గంటలకు వీటిని పట్టుకోవాలి. వేసవిలో అది మనకు సాయంత్రం నాలుగున్నర. ప్రయాణానికి నెలల ముందు నుంచే మూర్తి ఆఫీసు క్యాలెండరులో రోజూ ఆ వేళకు "క్లయింట్ కాల్" అని ఒక గడి కట్టేసి వుండటానికి కారణం, అందాకా రిహార్సల్ చేసుకోవడమే. ఈ విద్య ఇతనికి కొత్త కాదు. ఏసీ బోగీల తత్కాల్ పదింటికి, స్లీపరుది పదకొండింటికి తెరుచుకునే రైల్వే సైటు మీద చేతివేళ్లు తర్ఫీదు పొందినవే. అయినా తల్లి "అంటే తిరుమలలో 300 రూపాయల దర్శనం లాంటిదేనట్రా?" అని అడిగితే నొచ్చుకుని, డైనమిక్ ప్రైసింగ్ అంటే గిరాకీని బట్టి రోజుకో ధర పలకడమనీ, పాస్ కొన్నా కొన్ని రైడ్లకు మళ్లీ విడిగా చెల్లించాలనీ అరగంట విడమరుస్తాడు. అంతా విని ఆవిడ "అదేగా నేనన్నది" అంటుంది. నిష్పక్షపాతంగా చూస్తే ఆవిడ మాటే సబబు. మెచ్చుకోవలసినది పార్కు యాజమాన్యం తెలివిని: రద్దీని సర్దే చాకిరీని సందర్శకుడి చేతనే, అదీ అతని దగ్గర రుసుము పుచ్చుకుని మరీ, చేయించడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ఎత్తు నిబంధన ఇంకొక అధ్యాయం. స్పేస్ మౌంటెన్‌కు 44 అంగుళాలు, 2023లో ప్రారంభమైన ట్రాన్‌కు 48 అంగుళాలు ఉంటేగాని పిల్లలను ఎక్కనివ్వరు గనుక, రెండోవాణ్ణి ప్రతి ఒకటో తారీఖున వంటింటి గోడకు ఆనించి పెన్సిలుతో గీత గీయడం, ఆ గీతల నుంచి మే నెలకు వాడెంత ఎదుగుతాడో గ్రాఫు వేయడం, గ్రాఫు 47న్నర దగ్గర ఆగిపోతే పాలలో కలిపే పొడి మార్పించడం ఆ ఇంట్లో నెలసరి క్రతువు. పట్టికను చూడటానికి అందరికీ అనుమతి ఉన్నా, దిద్దే అధికారం మూర్తిది మాత్రమే. తక్కినవారు గడి పక్కన వ్యాఖ్య రాయవచ్చు. మధ్యాహ్నం 12.40 గడి పక్కన ఇల్లాలు రాసిన "ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా?" అనే ప్రశ్నను మూర్తి శ్రద్ధగా చదివి, పరిష్కరించబడినది అని సూచించే టిక్కు కొట్టి మాయం చేస్తాడు.

రవాణా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మూర్తి చెప్పకుండా ఉండలేడన్నది వేరే సంగతి. 1971 నుంచి తిరుగుతున్న మోనోరైలు, అనగా ఒంటిపట్టా మీద నడిచే రైలు, సరస్సు దాటించే పడవలు, 2019లో వచ్చిన స్కైలైనర్ అనే తీగబండ్లు, వీటన్నిటినీ కలిపే బస్సులు ఆవరణలో ఉచితమే. విమానాశ్రయం నుంచి డిస్నీ హోటళ్లకు 2005లో మొదలైన ఉచిత బస్సు 2022 జనవరితో ఆగిపోయింది; తాను ఏనాడూ ఎక్కని ఆ బస్సు పోయినందుకు మూర్తి ఇప్పటికీ బాధపడతాడు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడటం మామూలు, పిడుగుల భయమున్నప్పుడు తీగబండ్లను ఆపేస్తారు. ఆ సంగతి పట్టికలో ఉంది. వాన ఎన్నింటికి పడుతుందో కూడా ఉంది.

అసలు యుద్ధం హోటలు దగ్గర. డిస్నీ హోటళ్లలో చవక, మధ్యరకం, ఖరీదు అని మూడు తరగతులున్నాయి. ఏ తరగతిలో దిగినా పార్కు తలుపులు తక్కినవారికన్నా అరగంట ముందు తెరుస్తారు. ఆ అరగంట మూర్తికి ప్రాణం. అయితే చవకరకం మామూలు గదుల్లో నలుగురికే చోటు, వంటిల్లుండదు. వచ్చేది అయిదుగురు, అందులో మూర్తి తల్లికి పూటకు పిడికెడన్నా వేడి అన్నం పడాలి. అరగంటా, అన్నమా అన్న వివాదం సంక్రాంతికి మొదలై శివరాత్రి దాటినా తెగక, చివరకు పక్కనున్న కిసిమీలో వంటింటితో సహా అద్దెకిచ్చే ఇంటికి ఖాయమవుతుంది. ఓడిపోయిన మూర్తి ఉదయం లేచే వేళను అయిదు నుంచి నాలుగున్నరకు జరిపి లెక్క సరిచేసుకుంటాడు.

ఇక్కడే ఎక్కువమంది మూర్తులు బోల్తా పడతారు. దుబాయి మీదుగా సముద్రాలు దాటించిన ఆవకాయ జాడీ చెక్కుచెదరదు, అమెరికా సాకెట్టుకు పట్టే ప్లగ్గు అడాప్టరు రెండు జతలుంటాయి, అత్తాకోడళ్లిద్దరూ నమ్మే హైదరాబాదు రైస్‌కుక్కరు అయిదింటికే స్విచ్ వేసివుంటుంది. ఆరున్నరకు మూత తీస్తే బియ్యం గోరువెచ్చని నీళ్లలో ప్రశాంతంగా నానుతూ కనిపిస్తాయి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టేజీని మార్చదు, వోల్టేజీ సగానికి తగ్గితే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది గనుక 700 వాట్ల కుక్కరు 200 వాట్లయినా ఇవ్వలేదు. ఇంజనీరింగులో ఓమ్ సూత్రం మీద డిస్టింక్షను తెచ్చుకున్న మనిషి కుక్కరు చుట్టూ రెండుసార్లు తిరిగి, అందరూ చూస్తుండగా మూతను మళ్లీ యథాస్థానంలో పెడతాడు. తల్లి మాట్లాడకుండా గిన్నె తీసి ఆ ఇంటి పొయ్యి మీద పెడుతుంది. వారు పార్కు చేరేసరికి, ముందుగా తలుపుల దగ్గర కాచుకుని తాడు తీయగానే పరుగందుకునే జనప్రవాహం, పట్టికలో రోప్ డ్రాప్ అని ఎరుపు రంగు వేసిన ఘట్టం, ముగిసి గంటన్నర దాటుతుంది.

అటుపైన జరిగేదంతా మూర్తి దృష్టిలో నష్టనివారణే. స్లాట్లు మార్చుకుంటూ, ఫోను ఛార్జింగు చూసుకుంటూ, తలెత్తకుండా నడుస్తాడు గనుక, యానిమల్ కింగ్‌డమ్‌లో హిమాలయాన్ని తలపించేలా కట్టిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ కొండ ఎదుట నిలబడినప్పుడు కూడా, 200 అడుగులు చేరితే విమానాల కోసం ఎర్రదీపం పెట్టాల్సి వస్తుందని దాన్ని అరడుగు తగ్గించి కట్టారన్న విశేషాన్ని కొండకేసి చూడకుండానే చెబుతాడు. ఆ రైడ్‌కు సింగిల్ రైడర్ అని ఇంకొక చిన్న వరుస ఉంటుంది. బండిలో జంటలు, కుటుంబాలు కూర్చోగా మిగిలిపోయిన ఒంటరి సీట్లను నింపడానికి, తనవాళ్ల పక్కనే కూర్చోవాలన్న పట్టింపు లేనివారిని అందులోంచి పిలుస్తారు. కుటుంబసమేతంగా అన్న శీర్షిక కింద తయారైన పట్టికలో ఆ వరుసకు గడి లేదు. మూర్తి బెంచీ మీద సంచుల మధ్య కూర్చుని రెండున్నర స్లాటును మూడుంపావుకు జరపవచ్చా అని వెతుకుతుండగా, పిల్లలను అత్తగారి పక్కన కూర్చోబెట్టి చెప్పులు బిగించుకుని ఆ వరుసలోకి వెళ్లిన ఇల్లాలు, చీకట్లో వెనక్కి దూసుకుపోయే బండిలో ఎవరో బ్రెజిల్ అమ్మాయి పక్కన గొంతు చించుకుని అరిచి, దిగి, మళ్లీ వెళ్లి, మళ్లీ అరిచి, జుట్టు చెదిరి, ముఖమంతా నవ్వుతో తిరిగివస్తుంది.

"పది నిమిషాలు కూడా పట్టలేదండీ. మీరూ వెళ్లి రండి, సంచులు నేను చూస్తాను."

"ఇప్పుడెలా కుదురుతుంది? మన స్లాటు రెండున్నరకు కదా."