రాజమందిర సందర్శన పద్యము – సటీకా తాత్పర్యము

అవతారిక

గ్రంథారంభమున నిష్టదేవతాస్తుతి చేయుట వ్యాఖ్యాతల యాచారమగుటచే, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికిని, కృష్ణాతీరమున వేదాద్రియందు వెలసిన యోగానంద నరసింహస్వామికిని నమస్కరించి, ఉమ్మడి కృష్ణాజిల్లా మెట్టసీమలోని నందిగామ, జగ్గయ్యపేట వాస్తవ్యులు సకుటుంబముగా బస్సు మాట్లాడుకొని హైదరాబాదు పోయి, నిజాము ప్రభువులు కొలువుదీరిన చౌమహల్లా రాజభవనము మ్యూజియమై యుండగా దర్శించి వచ్చుటను వర్ణించు నొక చాటుపద్యమునకు టీకాతాత్పర్యములు వ్రాయ నుద్యమించుచున్నాను.

పద్యకర్త యెవరో తెలియదు. నందిగామవారు పేటవానిదనియు, పేటవారు నందిగామవానిదనియు చెప్పుచున్నారు. తమవాడు కాడనుటలో మాత్రము ఇరుపక్షములకును ఏకాభిప్రాయము గలదు. వ్యాఖ్యాతయే కర్త యను అపవాదొకటి కలదు గాని, అది విమర్శకు తగినంత గొప్పది కాదు.

మూలము

తే. చీటి కొనితెచ్చి వాకిలిఁ జేరి నిలిచి
ముట్టరాదని మది నెంచి మురిసి చూచి
రాజు గద్దెను వెలకట్టి రచ్చచేసి
యాఁకలైనంత నిలు చేరు టదియె యాత్ర.

ప్రతిపదార్థము

చీటి = ప్రవేశరుసుము చెల్లించినవారికి కిటికీలోనుండి ఇచ్చు కాగితపు తునకను; కొనితెచ్చి = వరుసలో నిలువకయే కొనజూచి, సాగక, వరుసలో నిలిచి కొని; వాకిలిన్ = రాజభవన ద్వారమును; చేరి = సమీపించి; నిలిచి = వెనుకబడిన పిల్లలు వచ్చువరకు వేచియుండి; ముట్టరాదు అని = లోపలి వస్తువులను చేతితో తాకగూడదని; మదిన్ ఎంచి = మనస్సునందు తలచి (చేతికి ఆ తలపు లేదని ధ్వని); మురిసి = సంతసించి; చూచి = కన్నులార కాంచి; రాజు గద్దెను = ప్రభువు కూర్చుండిన పీఠమును; వెలకట్టి = ధర నిర్ణయించి; రచ్చచేసి = ఆ ధర హెచ్చని యొకరును తగ్గని యొకరును వాదులాడి; ఆఁకలి ఐనంతన్ = క్షుద్బాధ కలిగిన వెంటనే; ఇలు = ఇంటిని; చేరుట = చేరుకొనుట; అదియె = అదే; యాత్ర = యాత్ర యనబడును.

తాత్పర్యము

రుసుము చెల్లించి రాజభవనమున ప్రవేశించి, దేనిని తాకకుండ అన్నిటిని చూచి, రాజుగారి గద్దె యెంత చేయునో తేల్చుకొని, ఆకలి వేయగనే యిల్లు చేరుటకంటె గృహస్థునకు వేరు యాత్ర లేదు.

విశేషములు

1. "చీటి కొనితెచ్చి." ఇది సామాన్యముగా తోచునుగాని, పద్యమందలి మహిమ యంతయు ఇచ్చటనే మొదలగుచున్నది. చౌమహల్లాకు పునాది వేసినవాడు సలాబత్ జంగు, కాలము సుమారు 1750. అఫ్జలుద్దౌలా కాలమున, అనగా 1857కును 1869కిని నడుమ, ఆ నిర్మాణము పరిపూర్తి నొందినది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, అఫ్తాబ్ అను నాలుగు మహళ్లుండుటచే నా పేరు. అంతకాలము ఆ వాకిట నజరానా లేక, సిఫారసు లేక, జుబ్బాపై షేర్వాణీ లేక యడుగిడుట మెట్టరైతునకు స్వప్నమందైనను సాధ్యము కాకుండెను. 2005లో ప్రజలకై తలుపులు తెరచిన పిమ్మట, ఆ మూటికిని బదులు ఒక చీటి చాలియున్నది. శుక్రవారము ప్రయాణమునకు మంచిదని బయలుదేరువారికి మాత్రము ఆ చీటియు దొరకదు. ఆ దినము భవనమునకు సెలవు. పంచాంగము చూచువారు దీనినిగూడ చూచుకొనవలెను.

శంక: వాకిలి చేరి నిలిచెననెనే గాని లోపలికి పోయెనని కవి చెప్పలేదు. ఇది న్యూనపద దోషము కాదా?

సమాధానము: కాదు. బస్సు నిండ బంధువులున్న యాత్రలో వాకిట నిలుచుటయే ప్రధానక్రియ. ఒకరు వచ్చుసరికి ఒకరు మంచినీళ్లకు పోవుదురు. లోపలికి పోవుట ఆనుషంగికము. అది యూహచే సిద్ధించును.

2. "మురిసి చూచి." ఇందు మురియుటకు తగిన వస్తువు ఖిల్వత్ ముబారక్ అను దర్బారు మందిరము. పందొమ్మిది బెల్జియం స్ఫటికదీపముల గుత్తులు పైకప్పునుండి వ్రేలాడుచుండ, వానిక్రింద పాలరాతి వేదిక, దానిపై ప్రభువు గద్దె. ఇచ్చటనే పట్టాభిషేకోత్సవములు, ఇచ్చటనే కొలువులు. రాజ్యము పోయిన పందొమ్మిదేండ్లకు, 1967లో, ముకర్రం జా తాతయగు నిజామునకు వారసుడుగా గద్దెనెక్కిన తంతును ఈ భవనమందే జరిగినది. రాజ్యము లేని పట్టాభిషేకమునకు సాక్షియైన దీపము, చీటి కొని వచ్చిన మిరపరైతునకు గూడ నదే కాంతి నిచ్చుచున్నది. పెద్దలు దీపములను చూచి మెడ పట్టుకొనునంతలో పిల్లలు మోటారుబండ్ల కొట్టమునకు పరుగెత్తుదురు; 1912 నాటి పసుపుపచ్చని రోల్సురాయిసు వారికి నవాబుకంటె ప్రియతరము.

3. "రాజు గద్దెను వెలకట్టి." మూలమున "ముట్టరాదు" అను పదము ముందున్నను, పాఠక్రమముకంటె అర్థక్రమమే బలవత్తరమని మీమాంసకుల సిద్ధాంతమగుటచే, దీనిని ముందు వ్యాఖ్యానించుచున్నాను. ఈ పాదము పద్యమునకు ప్రాణము.

జగ్గయ్యపేట వర్తకుల యూరు. ధాన్యముగాని, మిర్చిగాని, పత్తిగాని, గుప్పిట పట్టి చూచి ధర చెప్పగలవారు గద్దెను చూచి యూరకుండుట స్వభావవిరుద్ధము. కావున వేదికముందు ఇట్టి సంవాదము జరుగుట సహజము:

"ఏమయ్యా అల్లుడూ, ఈ పాలరాయి గజం ఎంత పడుద్దంటావు?"

"రాయి సంగతి సరే మామయ్యా, పనితనం చూడు. కూలే రాయి ధరకి మించిద్ది."

"అమ్మితే?"

"అమ్మరు."

"అమ్మని సరుక్కి ధరెందుకూ, పదండి," అని అత్తగారు.

కొందరు పండితులు ఈ వెలకట్టుటను గ్రామ్యమని నిందింతురు. వారు చరిత్ర నెరుగరు. ఈ భవనమునకు పునాది వేసిన సలాబత్ జంగే 1753లో, నందిగామ ప్రాంతముతోగూడిన కొండపల్లి సర్కారును, మరి మూడు సర్కారులతో పాటు, బుస్సీ దొర సైన్యము జీతములక్రింద ఆతనికి, అనగా పరాసువారికి, వ్రాసియిచ్చెను. అతని తమ్ముడు నిజామలీ 1766 నవంబరు నాటి సంధిలో అదే సర్కారును ఇంగ్లీషు కుంపిణీకి ధారపోసెను. ఆనాటి లెక్క యిది: రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి మూడు సర్కారులకును కలిపి యేటికి అయిదు లక్షల రూపాయలు. ఆ లెక్కలో మన మునేరు, మన పాలేరు, మన మెట్ట జొన్నచేలు, వానిని దున్నుచున్న మన పూర్వులు సర్వమును జమ. వారిలో నెవ్వరిని ఆ వేళ "మీ ధర సరిపోయినదా?" యని యడిగిన జాడ లేదు.

కావున ఖిల్వత్తులో పేట మామయ్య చేయు బేరము అవివేకము కాదు, చెల్లుకు చెల్లు. ప్రభువు మన నేలకు వెలకట్టినాడు. రెండున్నర శతాబ్దముల పిమ్మట మన మా ప్రభువు గద్దెకు వెలకట్టుచున్నాము. భేద మొక్కటే. ప్రభువు బేరము చేసి అమ్మినాడు. మామయ్య బేరము చేసి వదలినాడు.

4. "ముట్టరాదని మది నెంచి." పై భేదమునకు మూలమైన ధర్మ మీ పదమున నున్నది. చూడవచ్చును, ధర చెప్పవచ్చును, ముట్టరాదు; ఇదియే మ్యూజియమునకు లక్షణము. ఈ నియమము నాచరించు సందర్శకుడు, ఆ విషయమున మాత్రము, రాజుకంటె నధికుడు.

శంక: ఇంత చిన్న నియమమునకు ఇంతటి స్తోత్ర మెందుకు?

సమాధానము: అది లేనిచోట నేమగునో మన యూరివారికి తెలిసినంతగా లోకమున మరియెవరికిని తెలియదు గనుక. బేతవోలను పల్లెను పట్టణముగా పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లినుండి అమరావతికి రాజధానిని మార్చుచు, కొత్త కట్టడములకు రాళ్లకై అచటి దిబ్బను త్రవ్వించెను. అది మహాస్తూపము. దాని సంగతి 1797లో చూడవచ్చిన మెకంజీ దొరవలన లోకమునకు తెలియునప్పటికే చాల భాగము ఛిన్నాభిన్నమయ్యెను. మిగిలినదానిలో కొంత మద్రాసు, కొంత లండను చేరినది.

పేటలోనే ధనంబోడు కలదు. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని యిరువదవ పాలనాసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయకస్తంభములు నిలిపి, ఆ మాటను రాతిపై చెక్కించిన స్తూప మది. 1882లో బర్జెసు దొర త్రవ్వించునాటికి దాని ఫలకములలో హెచ్చుభాగము పోయియున్నది. నిలిచినవానిలో రత్నమువంటిది మాంధాత ఫలకము: చక్రవర్తి చేయెత్తి నిలిచియుండ, చుట్టును చక్రము, ఏనుగు, గుర్రము మొదలగు సప్తరత్నములు, పైన మేఘములనుండి చతురస్రపు నాణెములు వర్షధారలవలె రాలుచున్నవి. ఆ ఫలకము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. నిజాము గద్దెను చూడ హైదరాబాదు పోవు పేటవాడు, తన యూరి చక్రవర్తిని చూడవలెనన్న చెన్నపట్టణము పోవలెను. పేరులోని ధనము మాత్రము బోడుపై మిగిలినది.

5. "ఆఁకలైనంత నిలు చేరుట."

శంక: ఆకలి హైదరాబాదులో వేయును, ఇల్లు సుమారు రెండువందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఆకలైనంతనే యిల్లు చేరుట యెట్లు?

సమాధానము: కొందరు "ఇలు" అనగా ఇంటినుండి తెచ్చిన పులిహోర డబ్బా యని లక్షణార్థము చెప్పుదురు. అది సరసమే గాని, వాచ్యార్థము కుదురుచుండగా లక్షణ నాశ్రయింపరాదు. తిరుగు దారిలో సూర్యాపేట దాటి, కోదాడ రాకముందే మునగాల తగులును. నాలుగువైపుల నిజాము రాజ్యము చుట్టుకొనియున్నను మునగాల పరగణా కృష్ణాజిల్లాకు, అందును నందిగామ తాలూకాకు, చెందియుండెను. మునగాల చెట్టునీడ డబ్బా మూత తీసినవాడు, పాత రికార్డుల ప్రకారము, తన తాలూకా చేరినవాడే. గరికపాడు చెక్‌పోస్టు దాటవలసిన పనియు లేదు.

ఆ మునగాలకు రాజు నాయని వేంకట రంగారావు. దివాను మన పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు. వారిరువురును పూనుకొన్నవారిలో నుండగా 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. చీటి లేకయే ప్రవేశింపదగినదియు, ముట్టిననే ఫలమిచ్చునదియు నగు రాజసంపద పుస్తకాలయ మొక్కటే యని దీనివలన గ్రహింపవలెను.

ఛందోలంకారములు

ఇది తేటగీతి. చీ-జే, ము-ము, రా-ర, ఆ-అ యతులు. చివరి యతి సంధిగతమైన అచ్చుపై కుదిరినందున లాక్షణికులు కనుబొమలు ముడువవచ్చునుగాని బస్సులో నెవ్వరు నాక్షేపింపలేదు. అలంకారము పరివృత్తి, స్వల్పమైన చీటి నిచ్చి అనల్పమైన దర్శనమును గొనుటచే. రసము హాస్యము, అంగముగా వీరము (చీటి వరుసయందు), కరుణము (తప్పిపోయిన చెప్పుల జోడునందు).

ఫలశ్రుతి

ఈ పద్యమును పఠించువారును, వినువారును, బస్సు కిటికీ ప్రక్క సీటు పొందుదురు. వ్యాఖ్యను తుదివరకు చదివినవారికి మరియొక ఫలము విధింపబడుచున్నది. ఆదివారము సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని ధనంబోడు ఎక్కవలెను. సిద్ధార్థుని పేరు, వీరపురుషదత్తుని పేరు వారికి చెప్పవలెను. అచ్చట కాపలావాడు వచ్చి వారింపవలసిన యవసరము లేకుండ, ఇటుకముక్కయైనను కదల్పక దిగివచ్చినవారే చౌమహల్లాలో "ముట్టరాదు" అను సూత్రమును సరిగా చదివినవారని ఈ వ్యాఖ్యాత నిర్ణయము.