రూలు తప్పిన మర్రి

కొవ్వూరులో రిటైరైన హెడ్‌క్లర్కు గారొకరున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మార్జిను సరిగా వదల్లేదని అర్జీలు వెనక్కి పంపిన చెయ్యి ఆయనది. 2022లో ఊరు తూర్పుగోదావరిలో కలిసిన రోజే గుమ్మం బోర్డు మీద జిల్లా పేరు దిద్దించేశారు. అలాంటి మనిషి ఇప్పుడు మేడ మీద బోన్సాయ్ మర్రి ముందు కత్తెర పట్టుకుని కూర్చుని, "రూల్సా? అవి మన దగ్గర చెల్లవండి" అంటున్నారు.

జపాను వాళ్ల పద్ధతిలో బోలెడు నియమాలు. మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో మూడోవంతు దగ్గర రావాలి. మాను వంపు లోపలివైపు కొమ్మ ఉండకూడదు. రెండు కొమ్మలు ఎదురెదురుగా పుట్టకూడదు, ఒకదాన్నొకటి దాటకూడదు. గుంపుగా నాటితే లెక్క బేసిలో ఉండాలి. అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కంఠతా రానివాడికి రూలు తప్పే అర్హత లేదన్నది ఆయన పెట్టిన మొదటి రూలు.

వాదనలో పస లేకపోలేదు. ఆ నియమాలు చాలామటుకు కొండగాలికి, మంచు బరువుకి వంగిన పైన్ చెట్లని చూసి రాసుకున్నవి. మన మర్రికి మంచెక్కడిది? కొమ్మలు అడ్డంగా పాకుతాయి, ఒరుసుకుంటాయి, అతుక్కుని ఒకటైపోతాయి. ఊడలు దిగాక అసలు మాను ఏదో పోల్చుకోలేం. "దీన్ని పైన్‌లా దిద్దమంటే, కోటూ టై కట్టించి గోష్పాద రేవులో పుష్కర స్నానం చేయించినట్టేనండి" అంటారు. సాక్షులూ ఉన్నారు. జపాన్‌లో కరెంటు పనిముట్లతో మాన్లు చెక్కిన మసాహికో కిమురా ఒకరు, చెట్టుని సహజంగా కనిపించనిమ్మనే వాల్టర్ పాల్ ఒకరు. ఈ రెండు పేర్లూ పాలు పోసే అబ్బాయికి కూడా వచ్చేశాయి.

కడియం నర్సరీల్లో వరసగా నిలబెట్టిన ఎస్ ఆకారం ఫైకస్‌లంటే ఆయనకి ఒళ్లు మంట. ఎవరి పిట్టగోడ బీటలిచ్చినా ముందు పరామర్శకి వెళ్లేది మాత్రం ఆయనే. గోడకి కాదు, బీటలో మొలిచిన రావికి. రావి ఇంట్లో ఉండకూడదని వాళ్లావిడ గోల. "ఇది ఇల్లు కాదే, మేడ" అని ఈయన రూలింగు. అంత విప్లవకారుడూ మంగళవారం కత్తెర ముట్టరు. బరువు తొట్లన్నీ నైరుతిలోనే.

పైగా ప్రతి తొట్టికీ ఒక రిజిస్టరు. ఏ తేదీన ఏ నియమం తప్పారో, కారణమేమిటో, కింద సంతకం. గుంపు నాటితే ఇప్పుడు సరిసంఖ్యే, బేసి నిషిద్ధం. మొన్న సెలవులకొచ్చిన మనవడు తెలియక ఒక జువ్వికి సరిగ్గా మూడోవంతు దగ్గర కొమ్మ ఉంచి మిగతావి తీసేశాడు. చూడముచ్చటగా ఉంది. తాతగారు స్కేలు పెట్టి కొలిచి, రూలు ప్రకారం ఉందన్న నేరానికి ఆ కొమ్మ కూడా కోసేశారు.

అటు వెళ్తే ఓసారి ఆ మేడెక్కండి. మర్రి నిజంగానే బాగుంటుంది. "బాగుందండీ" అని ఊరుకోండి. "పద్ధతిగా ఉంది" అని మాత్రం నోరు జారకండి, పాపం చెట్టు!