లాటరీ తగిలింది, క్యూలో చోటు దొరికింది

న్యూయార్క్ నగర హౌసింగ్ అథారిటీ 2024 జూన్‌లో ఒక వారం పాటు అద్దె సాయం వోచర్లకి దరఖాస్తులు తీసుకుంది. అంతకుముందు ఆ తలుపు మూసింది 2009 డిసెంబర్‌లో. అప్పుడు పుట్టిన పిల్లలకి ఈసారి తలుపు తెరిచేసరికి మీసాలొచ్చాయి. వారంలో 6,30,000 పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. లాటరీ తీశారు. 2 లక్షల పేర్లకి తగిలింది.

ఏం తగిలిందంటారా? ఇల్లు కాదు. వోచర్ కూడా కాదు. వెయిటింగ్ లిస్టులో చోటు. గెలిచినవాళ్లకి ఎదురుచూసే హక్కు వచ్చింది. ఓడినవాళ్లు కూడా ఎదురుచూడవచ్చుగానీ, అది అనధికారికం.

లాటరీలు మనకి కొత్తవేం కాదు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఇళ్లకి కంప్యూటర్ డ్రాలు తీశారు. పేరొచ్చినవాళ్లు స్వీట్లు పంచారు, రానివాళ్లు కంప్యూటర్‌ని తిట్టారు. ఏదేమైనా మనవాళ్లు తీసింది ఇల్లనే వస్తువు కోసం. అగ్రరాజ్యం ఆ స్థాయి దాటిపోయి, నిలబడడానికే డ్రా తీస్తోంది. అభివృద్ధి చెందిన దేశమని ఊరికే అనరు.

పథకం చెడ్డదేం కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. 1937 నాటి గృహ చట్టానికి 1974లో చేసిన సవరణతో వచ్చిన ‘సెక్షన్ 8’ ఇది. డబ్బు కేంద్రానిది, పెత్తనం ఊళ్లో ఉన్న హౌసింగ్ అథారిటీది. ప్రైవేటు ఇంట్లోనే అద్దెకి దిగవచ్చు. మీ ఆదాయంలో సుమారు 30 శాతం మీరు కడితే, ఒక పరిమితి దాకా మిగతాది అథారిటీ ఓనరుకి కడుతుంది. 1969లో ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేదల అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని చట్టం చేయించాడు. 1981లో దాన్ని 30 చేశారు. పేదవాడి దగ్గర ముప్పావు వంతు మిగిలితే పాడైపోతాడని భయపడ్డారు కాబోలు.

చిక్కల్లా ఒక్కటే. అమెరికాలో తిండి కోసమిచ్చే ఫుడ్ స్టాంపులకి అర్హత ఉంటే స్టాంపులు వస్తాయి. ఇంటికి అర్హత ఉంటే అర్హత మాత్రమే ఉంటుంది. కేంద్ర అద్దె సాయానికి అర్హులైన కుటుంబాలు నాలుగుంటే, అందుతున్నది దాదాపు ఒకదానికి. పోనీ ప్రభుత్వమే ఇంకొన్ని ఇళ్లు కట్టవచ్చు కదా అంటే, 1998లో ఫెయిర్‌క్లాత్ సవరణ అని ఒకటి తెచ్చారు. 1999 అక్టోబర్ 1 నాటికి ఏ అథారిటీ చేతిలో ఎన్ని ప్రభుత్వ ఇళ్లున్నాయో, ఆ లెక్కని మించి కేంద్రం డబ్బుతో కట్టకూడదు. పేదల సంఖ్య మీద మాత్రం ఏ ఆంక్షా పెట్టలేదు. ఆ స్వేచ్ఛని వాళ్లు పూర్తిగా వినియోగించుకున్నారు.

2010 ఆగస్టులో అట్లాంటా పక్కన ఈస్ట్ పాయింట్ అనే ఊళ్లో ఈ వోచర్ల దరఖాస్తు ఫారాలు పంచారు. వోచర్లు 455. వచ్చినవాళ్లు సుమారు 30,000 మంది. ఎండలో, తోపులాటలో 62 మందికి వైద్యం చెయ్యాల్సొచ్చింది. ఫారం దొరికినంత మాత్రాన ఇల్లు దొరికినట్టు కాదని మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటాను.

సరే, మీ అదృష్టం పండి లిస్టులో పేరు పడింది. ఇక మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు, కదలకుండా ఉండడం తప్ప. కొన్నాళ్లకోసారి అథారిటీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది: మీకింకా ఇల్లు కావాలా? గడువులోగా జవాబివ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఇందులో ఉన్న ప్రతిభ చూడండి. ఉత్తరం ఇంటికి వస్తుంది. అడుగుతున్నది ఇల్లు లేనివాణ్ణి. వాడు ఈ నెల అక్క ఇంట్లో సోఫా మీద, వచ్చే నెల స్నేహితుడి గరాజ్‌లో, ఆ పైన కారులో ఉంటాడు. చిరునామా మారిన ప్రతిసారీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. కారు పార్కింగ్ మారినా తెలియజెయ్యాలా అన్నది ఫారంలో లేదు. ఇప్పుడు పోర్టళ్లు కూడా వచ్చాయనుకోండి. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ పంపుతారు, బిల్లు కట్టక పోగొట్టుకున్న పాత ఫోన్ నంబరుకి. ఇలా కొట్టేసిన పేర్ల వల్ల లిస్టు పొట్టిదవుతుంది. లిస్టు పొట్టిదైతే సమస్య తగ్గినట్టే కదా.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా బాబాయి న్యూజెర్సీలో ఉంటాడు. గ్రీన్ కార్డు ఉంది. కొడుకు ఇల్లు పెద్దదే. కోడలు మంచిదే. అయినా పొద్దున నాలుగింటికి లేచి కాఫీ పెట్టుకుంటే పొగ అలారం మోగుతుంది, ఇల్లంతా లేస్తుంది. అందుకని ఊళ్లో హౌసింగ్ అథారిటీ వృద్ధులకిచ్చే అపార్ట్‌మెంట్‌కీ, వోచర్‌కీ రెండిటికీ దరఖాస్తు పెట్టాడు. ఫారం నింపడానికి నాకు ఫోన్ చేస్తాడు. కొడుకుని అడిగితే బాధపడతాడని.

“ఒరేయ్, ఇంట్లో ఉండనివాళ్లు క్రమం తప్పకుండా ఇచ్చే డబ్బు కూడా ఆదాయమేనంటున్నాడేంట్రా? అక్కడికి మారాక మీ తమ్ముడు నెలకి మూడొందలు ఇస్తానన్నాడు.”

“ఆదాయమే బాబాయ్. అందులో ముప్ఫై శాతం అద్దె కింద లెక్కేస్తారు.”

“అంటే కొడుకు నాకిస్తే, నేను సర్కారుకి తొంభై ఇవ్వాలా?”

“కింద చదువు. పండగలకీ పుట్టినరోజులకీ ఇచ్చే కానుకలు లెక్కలోకి రావని ఉంటుంది.”

ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత పంచాంగం తిప్పుతున్న చప్పుడు. అమెరికా వాళ్లు ఈ నిబంధన రాసేటప్పుడు క్రిస్మస్‌నీ, మహా అయితే ఈస్టర్‌నీ మనసులో పెట్టుకుని ఉంటారు. ఎదురుగా అట్లతద్దిని కూడా వదలని తెలుగు జాతి ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు.

తర్వాతి చిక్కు ఆస్తిది. ఉండడానికి పనికొచ్చే సొంత ఇల్లుండి, అందులో ఉండే హక్కూ దాన్ని అమ్మే అధికారమూ ఉంటే సాయం ఇవ్వకూడదని 2016లో ఒక చట్టం చేశారు. దానికి తుది నిబంధనలు 2023లో వచ్చాయి. అమలు గడువు ఆ తర్వాత కూడా జరుగుతూ పోయింది. పాపం ఆ చట్టం కూడా చాన్నాళ్లు వెయిటింగ్ లిస్టులోనే గడిపింది. బాబాయికి తెనాలిలో పెంకుటిల్లుంది, అన్నదమ్ముల ఉమ్మడిది, కోర్టులో ఉంది. ముగ్గురూ సంతకం పెడితేగానీ అమ్మలేరు. ముగ్గురూ ఒక్కచోట కూర్చుని నవ్వుకున్నది చివరిసారి ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. “అమ్మే అధికారం లేదని రాసెయ్ బాబాయ్” అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ దావా వల్ల ఆయన మొహం వికసించిందని పిన్ని చెప్పింది.

వోచర్ చేతికొస్తే కష్టాలు తీరవు, రకం మారతాయి. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజులిస్తారు. ఆలోగా దొరక్కపోతే, గడువు పెంచకపోతే, వోచర్ వెనక్కి. అద్దె సబబేనని అథారిటీ తేల్చాలి, ఇల్లు తనిఖీలో నెగ్గాలి, అన్నిటికన్నా ముందు ఓనరు ఒప్పుకోవాలి. వోచర్ చూసి కాదనకూడదని న్యూజెర్సీలో చట్టముంది. అందుకని అక్కడ ఎవరూ కాదనరు. “అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ” అంటారు. టెక్సస్‌లో ఈ అబద్ధం ఆడే శ్రమ కూడా లేదు. ఓనర్లు వోచర్‌దారుల్ని తిరస్కరించకూడదని నగరాలు నిబంధన పెట్టడానికి వీల్లేదని, మాజీ సైనికుల్ని మినహాయించి, 2015లో రాష్ట్రమే చట్టం చేసింది.

టెక్సస్ అంటే మనవాళ్లు గుర్తొచ్చారు. డాలస్ చుట్టుపక్కల కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారైనా ఒక కలకలం రేగుతుంది. మన పక్కనే సెక్షన్ 8 వాళ్లొస్తున్నారట, ఇళ్ల విలువ పడిపోతుందట, స్కూల్ రేటింగ్ ఏం కాను? “సర్కారు డబ్బుతో బతికేవాళ్లతో మనకెందుకండీ” అని ఒకాయన రాస్తాడు. నలభై బొటనవేళ్లు లేస్తాయి. అదే గ్రూపులో ఫిబ్రవరిలో ఇంకో మెసేజ్ వస్తుంది: హోమ్ లోన్ వడ్డీ మినహాయింపు ఎంత చూపించవచ్చు, సీపీఏ ఎవరైనా ఉన్నారా?

ఈ వడ్డీ మినహాయింపు కూడా సర్కారు డబ్బే. వసూలు చెయ్యాల్సిన పన్ను వదిలేస్తున్నారు, అంతే తేడా. 1913లో ఆదాయపు పన్ను మొదలైనప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు 7,50,000 డాలర్ల అప్పు దాకా వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. రెండో ఇల్లున్నా ఆ పరిమితిలోనే కలుపుకోవచ్చు. అది ఇల్లే కానక్కర్లేదు, పడవైనా ఫరవాలేదు. పడుకోవడానికీ, వండుకోవడానికీ చోటు, మరుగుదొడ్డి ఉంటే పన్నుల శాఖ దృష్టిలో పడవ కూడా నివాసమే. దీనికి లాటరీ లేదు. నలుగురిలో ఒకరికే అన్న మాట లేదు. తిరుమలలో సర్వదర్శనం వాళ్లు కంపార్ట్‌మెంట్లో కూర్చుని ఉంటే బ్రేక్ దర్శనం వాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు చూడండి, దర్శనం ఇచ్చేది ఆ ఇద్దరికీ ఒకే స్వామి. కాకపోతే బ్రేక్ దర్శనం చేసుకొచ్చినవాడు కంపార్ట్‌మెంట్లో ఉన్నవాణ్ణి చూసి “ఉచిత ప్రసాదం కోసం వచ్చావా” అనడు. ఆ ఒక్క మర్యాదా డాలస్‌లో లోపించింది.

ప్రభుత్వ ఇళ్లలో ఉండే వయోజనులు, వృద్ధులూ వికలాంగులూ ఉద్యోగస్తులూ లాంటివాళ్లు కాకపోతే, నెలకి 8 గంటలు సమాజ సేవ చెయ్యాలని 1998లో నిబంధన పెట్టారు. వడ్డీ మినహాయింపు తీసుకునేవాళ్లకి కూడా అది పెడితే బాగుంటుంది. పడవ ఓనర్లు కనీసం కాలువలు శుభ్రం చెయ్యవచ్చు.

ఇదంతా మొన్న బాబాయికి చెప్పాను. ఆయన కొడుకు కూడా ఈ మినహాయింపు తీసుకుంటాడని మాత్రం చెప్పలేదు. శ్రద్ధగా విన్నాడు.

“దానికి ఫారం ఎక్కడిస్తారు?”

“వేరే దరఖాస్తు ఫారం లేదు బాబాయ్. ట్యాక్స్ రిటర్న్‌లో ఒక గడిలో అంకె వెయ్యడమే.”

“ఇంటికొచ్చి తనిఖీ చెయ్యరా?”

“చెయ్యరు.”

“కొడుకులు ఎంతిస్తున్నారని అడగరా?”

“అడగరు.”

“ఇంకా కావాలా వద్దా అని ఉత్తరం రాయరా?”

“రాయరు. కావాలనే అనుకుంటారు.”

బాబాయి కాసేపు ఆలోచించాడు. అవతల పిన్ని ఏదో అడుగుతుంటే ఉండమన్నాడు.

“ఒరేయ్, వంటగది ఉన్న పడవ ఎంతుంటుందో కనుక్కో. పెద్దది వద్దు, ఇద్దరమే కదా. పొగ అలారం లేనిది చూడు.”