నా పట్టీ మీది కుట్టు

నేను బీపీ మిషన్‌ని. బూడిదరంగు రేకు పెట్టె, మూత ఎత్తితే నిలబడే గాజుగొట్టం, దాని అడుగున పాదరసం కుప్పె, రెండు రబ్బరు గొట్టాలు, పిసికితే గాలి కొట్టే బంతి, చేతికి చుట్టే గుడ్డపట్టీ. ఇంతే నా ఒళ్ళు. కోనసీమలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఓపీ గది కిటికీ పక్కన బల్ల మీద ఇరవై రెండేళ్ళు ఉన్నాను. చేపల గంపలు మోసిన చేతులకూ, కొబ్బరికాయలు వలిచిన చేతులకూ, గాజులు పైకి తోసుకుని బెరుకుగా చాపిన నిండు చూలాళ్ళ చేతులకూ చుట్టుకున్నాను. వాటిలో ఒక చెయ్యి మాత్రం నా ఒంటి మీద గుర్తు వదిలిపోయింది.

ముందు నా పుట్టుక చెప్పుకోవాలి. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రం రక్తనాళంలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా పొడవాటి గాజుగొట్టం తగిలించాడు. రక్తం ఎనిమిది అడుగుల పైకి ఎగబాకింది. 1733లో ఆ సంగతి అచ్చువేశాడు. మనిషినైతే అలా పొడిచి కొలవలేరు కదా. 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో సిపియోనె రివా-రోచి అనే వైద్యుడు సైకిలు ట్యూబు లాంటి రబ్బరు గొట్టాన్ని చేతికి చుట్టి, గాలి కొట్టి, ఆ ఒత్తిడిని పాదరసంతో తూచాడు. పాదరసం నీళ్ళకంటే 13.6 రెట్లు బరువు. మీ బీపీ 120 అంటే పాదరసం 120 మిల్లీమీటర్లు లేచిందన్నమాట. అదే నీళ్ళతో కొలిస్తే గొట్టం మనిషెత్తు ఉండాలి. నేను ఇంత చిన్న పెట్టెలో ఇమిడానంటే పాదరసం చలవే.

రివా-రోచికి పై అంకె ఒక్కటే దొరికింది. 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరోత్కోవ్ మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి వినడంతో కింది అంకె కూడా తెలిసింది. పట్టీ బిగిస్తే చేతిలో రక్తనాళం మూసుకుపోతుంది. బంతి దగ్గరి మరను మెల్లగా విప్పుతూ పోతే, గుండె తోసిన రక్తం ఒకచోట సందు చేసుకుని దూకుతుంది. సిస్టరుగారి చెవిలో మొదటి ‘టప్’ అప్పుడు వినిపిస్తుంది. అది పై అంకె. గాలి ఇంకా వదిలితే చప్పుడు మెత్తబడి మెత్తబడి ఆగిపోతుంది. ఆగినచోట కింది అంకె. పాదరసం సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. ఓపీ ముందు యాభైమంది వరసలో ఉన్నా మా సిస్టరుగారు ఆ పని తొందరగా కానిచ్చేవారు కాదు. ఆమె మీద నాకున్న గౌరవం చాలావరకు అందుకే.

అయినా నా వల్ల ఒకసారి తప్పు జరిగింది. కిరాణా కొట్టు నడిపే ఒక పెద్దావిడ చెయ్యి లావు. నా పట్టీ ఆ చేతికి చాలదు. లాగి చుట్టారు. పై అంకె 156 చూపించాను. బిళ్ళ మోతాదు పెంచుదామని డాక్టరుగారు చీటీ మీద కలం పెట్టారు, మళ్ళీ ఎందుకో ఆగి, పెద్దాసుపత్రి నుంచి వెడల్పు పట్టీ తెప్పించారు. దాంతో 138. పట్టీలోని గాలిసంచి చేతి చుట్టూ కనీసం ఐదింట నాలుగు వంతులు రావాలి. చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. రివా-రోచి పట్టీ కూడా సన్ననిదే, అయిదు సెంటీమీటర్లు. అది చాలదని 1901లోనే ఒక జర్మన్ వైద్యుడు చెప్పాడు. అంత పాత తప్పు నా చేత జరిగిందని ఇప్పటికీ బాధే.

మనిషి వైపు నుంచి వచ్చే తేడాలూ ఉన్నాయి. ఎండలో నడిచొచ్చి కూలబడగానే చెయ్యి చాపేవాళ్ళు, కాళ్ళు ఆడిస్తూ కూర్చునేవాళ్ళు, కొలుస్తుండగానే కోడలి గురించి చెప్పుకొచ్చేవాళ్ళు. మాట్లాడితే పాదరసం లేస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, చుట్ట వద్దు. తెల్లకోటు చూడగానే బీపీ పెరిగేవాళ్ళూ ఉంటారు. ఇంట్లో కొలుచుకుంటే వాళ్ళ సంగతి తేలిపోతుంది. మా దగ్గర 140కి 90 దాటితే ఎక్కువ అంటారు, ఇంట్లోనైతే 135కి 85. అదైనా ఒక్కసారి చూసి బీపీ ఉందని ముద్ర వెయ్యరు. వేరే రోజున మళ్ళీ చూస్తారు. మరీ ఎక్కువుంటే మాత్రం ఆగరు.

ఇక దర్జీ సంగతి. నా పట్టీ అంచు కుట్టు ఊడిపోయి గాలిసంచి బయటకు తన్నుకొస్తుంటే సిస్టరుగారు ఊళ్ళో దర్జీకి ఇచ్చారు. యాభై దాటిన మనిషి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఖాకీ దారంతో రెండు వరసల కుట్టు వేసి తనే తెచ్చి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. “అయితే మీ చెయ్యి ఇలా పెట్టండి బాబాయిగారూ, ఎలా కుట్టారో చూద్దాం” అన్నారావిడ. కూర్చోబెట్టి, కాసేపాగి కొలిచారు. 178కి 106. రెండోసారి 174కి 104. సిస్టరుగారి మొహంలో నవ్వు పోయింది.

“నాకేం లేదండీ. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఏమీ లేదు” అన్నాడాయన. నిజమే చెప్పాడు. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది, కడుపులో పుండైతే మంట పుడుతుంది. రక్తపోటు మాత్రం నోరెత్తదు. ఏళ్ళ తరబడి గుండెను, మూత్రపిండాలను, మెదడులో వెంట్రుకవాసి నాళాలను, కంటి వెనక పొరను లోపల్లోపలే తినేస్తుంది. ఆ మౌనంలోంచి మాట బయటికి లాగడానికే నేను పుట్టాను.

డాక్టరుగారు మూత్రం, క్రియాటినిన్, చక్కెర, ఈసీజీ పరీక్షలు చేయించారు. చాలామందిలో బీపీకి ఫలానా అని ఒక్క కారణం దొరకదు. కొందరిలో మూత్రపిండాల జబ్బో, గ్రంథుల తేడానో ఉంటుంది. నడుంనొప్పికి తరచూ సూదులు వేయించుకుంటున్నానని దర్జీ చెప్పాడు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమందులు బీపీ పెంచుతాయి. ముందు అవి మాన్పించారు. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదని చెప్పారు. మా వైపు ఆ మాట చెప్పడం సులువు, చెయ్యడం కష్టం. ఆవకాయ, అప్పడం, చద్దన్నంలోకి ఉప్పుచేప, వీటిలోనే ఆ చెంచా నిండిపోతుంది. రోజూ అరగంట గట్టు మీద నడవమన్నారు.

ఆ అంకెలకు ఇవి మాత్రమే చాలవు. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. నాళాల గోడల్లోని కండను సడలించే బిళ్ళ అది. కొందరికి చీలమండలు వాస్తాయి, అప్పుడు మానెయ్యకుండా వచ్చి చెప్పమన్నారు. నెల తర్వాత కూడా 150 దగ్గరే ఉంటే టెల్మిసార్టాన్ కలిపారు. నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ పనిని అది అడ్డుకుంటుంది. ఒకే మందు మోతాదు పెంచుతూ పోవడం కంటే రెండు మందులు కొంచెం కొంచెం ఇస్తే మేలని, ఇబ్బందులూ తక్కువని ఆయన అనేవారు. ఉప్పునీ నీళ్ళనీ మూత్రంలో పంపే క్లోర్తాలిడోన్ మూడో మెట్టు. టెల్మిసార్టాన్ బదులు ఎనలాప్రిల్ వాడితే కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఎనలాప్రిల్ జాతి బిళ్ళల్లో మొదటిది కాప్టోప్రిల్, దానికి దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పాము విషం. మన సర్పగంధి వేరు కూడా ఒకప్పుడు బీపీ మందే. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని గురించి బ్రిటిష్ పత్రికలో రాశాక లోకమంతా వాడింది. దాన్నుంచి తీసిన రెసర్పిన్ కొందరిని దిగులులోకి నెట్టేది, అంతకంటే మంచివి రావడంతో వెనకబడింది. సర్పగంధి పేరు చెప్పి ఇప్పుడు ఎవరైనా పొడి ఇస్తే తీసుకోవద్దని నా మాట. అందులో మోతాదు ఎంతుందో ఇచ్చేవాడికీ తెలియదు.

చూలాళ్ళ దారి వేరు. వాళ్ళకు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ ఇవ్వకూడదు, కడుపులో బిడ్డకు చేటు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఇస్తారు. అయిదో నెల దాటాక బీపీ లేచి, మూత్రంలో ప్రోటీన్ పడితే గుర్రపువాతం పొంచి ఉన్నట్టే. ఒక రాత్రి ఒక చూలాలికి 170 చూపించాను. సిస్టరుగారు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ సూది వేసి 108 అంబులెన్సులో తనే వెంట వెళ్ళారు. మర్నాడు తల్లీబిడ్డా క్షేమమని ఆవిడ వచ్చి చెప్పేదాకా నా మూత తెరిచే ఉంది.

మూడో నెలలో దర్జీకి 128కి 80. అందరం సంతోషించాం. ఆయన మళ్ళీ రాలేదు. ఒకసారి సిస్టరుగారు బజారులో అడిగితే, “నార్మలొచ్చిందన్నారు కదమ్మా, ఇంకెందుకండీ బిళ్ళలు? జీవితాంతం వాడాలంటే భయమేసింది” అన్నాడట. ఆ 128 బిళ్ళ నిలబెట్టిన 128. పందిరి కింద రాట తీసేసి, పందిరి బాగానే ఉంది కదా అనుకున్నట్టయింది. ఈ ఇరవై రెండేళ్ళలో బీపీ ఎక్కువుండి చెడినవాళ్ళకంటే, బీపీ తగ్గిందని మందు మానేసి చెడినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను. బీపీ తగ్గిన మాటను ఆ ఒక్కరోజు అంకెగా చెప్పి వదిలేశామేమో, అది మందు వల్లే నిలిచిందని గట్టిగా చెప్పి ఉండాల్సిందేమో అని సిస్టరుగారు చాలాకాలం కుమిలిపోయారు.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన్ని ఆటోలో తెచ్చారు. మూతి ఎడమకు లాగింది, కుడిచెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. తెల్లవారుజామునే మొదలైందట. ముందు పసరు పోయించడానికి పక్క ఊరు తీసుకెళ్ళారు. గడ్డ కట్టి వచ్చిన పక్షవాతమని స్కాన్‌లో తేలితే, దాన్ని కరిగించే సూది నాలుగున్నర గంటల లోపల పడాలి. ఆ గంటలు పసరు దగ్గర అయిపోయాయి. ఎడమచేతికి పట్టీ చుట్టారు. ఆ ఖాకీ కుట్టు సరిగ్గా ఆయన చర్మానికి ఆనింది. పాదరసం 210 దాటేదాకా లేస్తూనే ఉంది. అంత బరువుగా నేను ఎప్పుడూ లేవలేదు.

ఆయన బతికాడు. ఫిజియోథెరపీతో నడక వచ్చింది, మాట వచ్చింది. కత్తెర పట్టే వేళ్ళు మాత్రం రాలేదు. కొట్టు ఇప్పుడు కూతురు నడుపుతోంది.

పాదరసం విషం కాబట్టి నాలాంటివాళ్ళను పక్కన పెట్టాలని 2013లో చాలా దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. నా గొట్టం పగిలితే పాదరసం పూస ఓపీ గదిలోనే ఆవిరై పిల్లల ఊపిరిలోకి పోతుంది. అందుకని వెళ్ళడం నాకు ఇష్టమే. మొన్న డిజిటల్ మిషన్ వచ్చింది. వారంపాటు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూశారు, అంకెలు కలిశాయి. నన్ను వాల్చి, పాదరసం కుప్పెలోకి దిగాక మర బిగించి, పంపడానికి అట్టపెట్టె తెచ్చారు.

ఆరోజు బిళ్ళల రోజు. దర్జీ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. కొత్త మిషన్ 132కి 82 చూపించింది. “మరి ఇవి?” అని కార్డు చాపాడు. సిస్టరుగారు నెలకు సరిపడా లెక్కబెట్టి ఇచ్చారు. ఆయన కళ్ళు అట్టపెట్టె వైపు వెళ్ళాయి. ఎడమచెయ్యి చాపి, పట్టీ అంచు తిరగేసి, బొటనవేలితో కుట్టు పొడుగునా తడిమాడు.

“ఒక్క పోగూ ఊడలేదమ్మా” అన్నాడు.

సిస్టరుగారు గొట్టాల నుంచి పట్టీని విడదీసి, మడిచి, బల్ల సొరుగులో పెట్టుకున్నారు.