మైనాన్ని వదలని రాయిని

ప్లినీ మా జాతి మీద వేసిన నింద ఇంకా మాసిపోలేదు. నిప్పులాంటి ఎర్రరాళ్లు కొన్ని చెక్కడానికి లొంగవు, ముద్ర వేస్తే మైనాన్ని పట్టుకుని వదలవు అని రాసిపెట్టాడు. ఆ రోమన్ పెద్దమనిషి క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు పోయాడు గానీ మాట మాత్రం నిలిచిపోయింది. నిజం చెప్పొద్దూ, నా విషయంలో అందులో అబద్ధం లేదు. అందుకే నన్ను తొడుక్కున్నవాళ్లు ముద్ర వేసే ముందు నాలుకకి అద్దుకునేవారు. తడి రాయికి మైనం అంటదు.

నేను గార్నెట్‌ని. పుట్టిల్లు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచకు చేరువలోని గరీబ్‌పేట గుట్ట. పొరలు పొరలుగా ఊడే రాతిలో పెరిగి, వానలకు గుట్ట అరిగితే కిందకి దొర్లి మట్టిలో పడ్డాను. అక్కడి నుంచి పుదుచ్చేరి పక్కన అరికమేడు చేరాను. మా ఊరి రాళ్లు అక్కడ చాలావరకు పూసలయ్యేవి. కాస్త వెడల్పుగా ఉండబట్టి నాకు బెజ్జం తప్పింది, ఓడెక్కాను.

రోమన్ల నాట నన్ను చెక్కినవాడి చేతిలో ఇనుప మొనల బరమా ఉండేది. ఇనుము నన్నేం చేయగలదు? కోసింది నూనెలో కలిపిన కురువిందపు పొడి. నా రంగు మరీ ముదురని మొదట వెనక వైపు గుంటగా తొలిచి పలచన చేశాడు, వెలుగు పారడానికి. తర్వాత అదృష్టదేవత ఫార్చునాని దింపాడు. రాయిలో చుక్కాని ఆమె ఎడమచేతిలో ఉంటుంది. మైనం మీద నొక్కితే కుడిచేతిలోకి వస్తుంది. అందుకే తెలిసినవాడు రాయిని చూసి తీర్పు చెప్పడు, అచ్చు తీసి చూస్తాడు.

తర్వాతి పదిహేను పదహారు వందల ఏళ్లు మట్టిలోనే గడిచాయి, చెప్పుకోడానికేం లేదు. బయటపడ్డాక కొత్త బంగారు ఉంగరంలో పొదిగారు. నా వయసు వేరు, నా ఒంటి మీద బంగారం వయసు వేరు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పడం తరచూ మరిచిపోతుంటారు.

మా జాతకాలన్నిటికీ గండం 1839లో వచ్చింది. పోలండ్ రాజవంశపు స్టానిస్లావ్ పోనియాటోవ్‌స్కీ పోగేసిన దాదాపు 2,600 చెక్కుడు రాళ్లు లండన్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చాయి. చాలావాటి మీద ప్రాచీన గ్రీకు శిల్పుల సంతకాలు. అవి ప్రాచీనమైనవి కావని, ఆయన కాలంలోనే ఇటలీలో చెక్కించినవని బయటపడింది. పనితనం మాత్రం అద్భుతం, ఒప్పుకోవాలి. కానీ ఆ దెబ్బకి సంతకం లేని నాలాంటివాళ్ల మీద కూడా అనుమానం పడింది. సంతకం ఉంటే దొంగ, లేకపోతే దిక్కులేనిది!

ఇప్పుడు నన్ను కొనాలని చూస్తున్నాయన తొందరపడే మనిషి కాదు. భూతద్దం పట్టి ముందు నా గీతలు చూశాడు. ఉపరితలం మీద పాత రాపిడి గీత ఒకటి ఫార్చునా మోకాలి దాకా వచ్చింది. అది చెక్కడపు అంచు మీదుగా సాగి ఆ అంచునీ అరగదీసిందా, లేక చెక్కడమే దాన్ని తెగ్గోసిందా? మొదటిదైతే చెక్కడం పాతది, రెండోదైతే పాత రాయి మీద కొత్త చేతివాటం. చాలాసేపు వెలుగుని పక్కవాటుగా తిప్పి చూశాడు. మొదటిదే అన్నాడు.

ఆ తర్వాత సూక్ష్మదర్శిని. నా కడుపులో వెంట్రుకల్లాంటి సిల్లిమనైట్ పోగులున్నాయి. నగల అంగట్లో అయితే ఇది లోపం, ధర పడిపోతుంది. ఈయనకి మాత్రం ముఖం వెలిగింది. అరికమేడు గార్నెట్లకీ గరీబ్‌పేట గుట్టకీ ఉన్న చుట్టరికాన్ని పరిశోధకులు 2017లో ప్రచురించింది ఇలాంటి పోగుల్నీ, రాళ్ల రసాయనాన్నీ పోల్చి చూసే మరి.

అయినా సంబరపడిపోలేదు. రాయి ఏ ఊరిదో పోగులు చెబుతాయి, దాన్ని ఎప్పుడు చెక్కారో చెప్పవు. గరీబ్‌పేట రాయి తెచ్చి నిన్న చెక్కినా పోగులు అవే ఉంటాయి. బొమ్మకు ఆ రాపిడి గీత సాక్షి, పుట్టుకకు పోగులు సాక్షి, బంగారానికి ఏ సాక్షీ లేదని లెక్కగట్టి, బంగారానికి తూకం ధరే ఇస్తానన్నాడు. అమ్మేవాడికి అది మింగుడుపడటం లేదు. ఉంగరం మొత్తం రోమన్ల నాటిదేనని ఇంకా వాదిస్తున్నాడు.